రంగు డబ్బా అటక మీద పెట్టండప్పా

కొత్తొక వింత, పాతొక రోత. మా మడకశిర చుట్టుపక్కల ఈ సామెత ఇప్పుడు రంగు డబ్బా చేతబట్టుకొని తిరుగుతోంది. ఊరి బయట రాతి నంది నల్లగా ఉంటే ఎనామిల్ కొడతారు. చావడి స్తంభాలకు పచ్చరంగు, తాతల నాటి గుమ్మానికి మెరిసే వార్నిష్. ఇప్పుడు లారీల వంతు వచ్చింది. పాత లారీ షెడ్డులో మిగిలిన ఇళ్లు మా వైపు బాగా తక్కువ. ఆ ఉన్న ఇళ్లకు మనవళ్లు బెంగళూరు నుంచి పండక్కి వస్తారు, ఫోన్లో ఎవరిదో తళతళలాడే బండి చూపిస్తారు, "తాతా, మనదీ ఇట్ల చేపిద్దాం, పది రోజుల పని" అంటారు. మా మనవడూ అన్నాడు. వద్దన్నాను. వాడు చిన్నబుచ్చుకున్నాడు. పెద్దాయన మొండితనం అనుకున్నాడేమో. మొండితనం కాదు, దానికి కారణం ఉంది. అది వాడికీ, వాడి ఈడు పిల్లలకూ ఒకసారి నింపాదిగా చెప్పాలి.

ఆ లారీ మా నాయనది. 1960ల నాటి టాటా మెర్సిడెస్ బెంజ్, బానెట్ ముందుకు పొడుచుకొచ్చిన బండి. ముందర మూడు కొనల నక్షత్రం ఉంటుంది. శెనక్కాయలు మోసిన లారీకి బెంజ్ కారు గుర్తు ఎట్ల వచ్చిందని పిల్లలు అడుగుతారు. జంషెడ్‌పూర్‌లోని టాటావాళ్ల టెల్కో కంపెనీ 1954లో జర్మనీ డైమ్లర్ బెంజ్‌తో ఒప్పందం చేసుకొని లారీలు తయారుచేసింది. 1969లో ఆ ఒప్పందం ముగిసింది. ఆ తర్వాత నక్షత్రం పోయి టాటావాళ్ల సొంత గుర్తు వచ్చింది. అంటే ఆ నక్షత్రాన్ని చూస్తేనే బండి ఏ కాలానిదో తెలిసిపోతుంది. దాన్ని ఒక్కదాన్నీ ఊడదీసి ఇమ్మని, మంచి ధర ఇస్తామని అడిగినవాళ్లున్నారు. క్రోమియం పూత అక్కడక్కడా లేచింది, లోపలి లోహం కనిపిస్తోంది. మనవడు దానికీ కొత్త పూత పూయించాలన్నాడు.

ఆ రోజుల్లో కంపెనీ ఇచ్చేది చాసిస్, ఇంజను, ముందరి బానెట్. మిగతాదంతా బాడీ కట్టేవాళ్ల పని. దక్షిణాదిలో తిరుచెంగోడు, సంగగిరి, నామక్కల్ వైపు ఈ పనికి పేరు. మనవైపు విజయవాడ ఆటోనగర్. వడ్రంగి చెక్క చట్రం బిగించేవాడు, కమ్మరి పట్టీలు కొట్టేవాడు, చివర పెయింటర్ వచ్చేవాడు. ముందు రెడ్ ఆక్సైడ్ ప్రైమర్, గుంతలున్న చోట లప్పం, ఆరినాక ఉప్పుకాగితంతో నీళ్లు పోస్తూ రుద్దడం, ఆపైన బ్రష్షుతో సింథటిక్ ఎనామిల్. ఒక పూత ఆరేదాకా రెండో పూత ముట్టుకునేవాడు కాదు. గాలి లేచి దుమ్ము రేగితే ఆ రోజుకు పని ఆగేది. మా వైపు గాలి సంగతి తెలిసినవాళ్లకు ఆ పెయింటర్ ఓపిక ఎంతటిదో అర్థమవుతుంది.

అక్షరాలు రాసే మనిషి వేరే. ఆయన రాగానే పిల్లలమంతా చుట్టూ చేరేవాళ్లం. సుద్దపొడి పట్టించిన నూలుదారం ఇద్దరు చెరో కొస పట్టుకొని, మధ్యలో లాగి వదిలితే తెల్లగీత పడేది. ఆ గీతల మధ్య అక్షరాలు. చెయ్యి వణక్కుండా ఒక కర్రను ఆనించుకొని సన్న బ్రష్షుతో లాగేవాడు. మాది రెండు భాషల ఊరు. నాలుగు మైళ్లు పోతే కన్నడ సీమ. అందుకని మా లారీకి ఒక పక్క తెలుగులో, ఒక పక్క కన్నడంలో దేవుడి పేరుంది. కదిరి నరసింహస్వామి తెలుగులో, పావగడ శనిమహాత్మ కన్నడంలో. కేబిన్ లోపల అద్దం పైన చిన్నగా పెనుకొండ బాబయ్య దర్గా బొమ్మ. అది డ్రైవరు తన డబ్బుతో వేయించుకున్నది. నాయన ఏమీ అనలేదు.

కేబిన్ నెత్తిన బోర్డు మీద "పబ్లిక్ క్యారియర్" అని ఇంగ్లీషులో ఉంది. దీన్ని చెరిపేస్తామన్నప్పుడే నాకు ఎక్కువ కోపం వచ్చింది. 1939 నాటి మోటారు వాహనాల చట్టంలో పబ్లిక్ క్యారియర్, ప్రైవేట్ క్యారియర్ అని రెండు రకాలుండేవి. కిరాయికి ఎవరి సరుకైనా మోసేది మొదటిది, తన సరుకు తాను మోసుకునేది రెండోది. 1988లో కొత్త చట్టం వచ్చాక ఆ తేడా పోయింది. రోడ్డు మీద నడిచే లారీలన్నీ గూడ్స్ క్యారియర్ అని రాయించుకున్నాయి. మాది అప్పటికే షెడ్డు చేరింది కాబట్టి పాత రాత మిగిలింది. ఒక చట్టం కింద దేశం సరుకు ఎట్ల కదిలిందో ఆ బోర్డు చెప్తోంది. దాని మీద కొత్తగా "పబ్లిక్ క్యారియర్" అనే రాయిస్తాం, అవే అక్షరాలు, అదే రంగు అంటాడు మనవడు. అవే అక్షరాలు కావచ్చు, ఆ చెయ్యి మాత్రం రాదు. 'బి' అక్షరం పొట్ట దగ్గర ఆయన బ్రష్షు కొంచెం తిప్పి ఎత్తేవాడు. ఆ తిప్పు ఇప్పటికీ కనిపిస్తుంది.

లారీకి అసలు రంగు మిగలడం ఎంత అరుదో కారున్నవాళ్లకు తెలీదు. లారీకి ఏటా ఎఫ్‌సీ, అంటే ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తనిఖీ ఉండేది. బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందుకు బండి పోవాలంటే కొత్త పెళ్లికొడుకులాగా తయారుచేయాలి. పాత రంగు మీదే మళ్లీ ఒక పూత కొట్టి, నంబర్లు తిరగరాసి తీసుకుపోయేవాళ్లు. నేషనల్ పర్మిట్ తీసుకున్న బండికైతే ఎండుటాకు రంగు గోధుమ, తెల్ల అంచులు అని నిబంధనే ఉండేది. అందువల్ల పాత లారీ మీద పూత మీద పూత ఉంటుంది. మా బండి ఎడమ తలుపు కింద ఒక పెచ్చు ఊడింది. అక్కడ దగ్గరగా చూస్తే పైన ఇటుక ఎరుపు, కింద ముదురు నీలం, దాని కింద బూడిదరంగు, అన్నిటికంటే అడుగున రెడ్ ఆక్సైడ్. నాయన ఎప్పుడు బాగా ఉన్నాడో, ఎప్పుడు చవక రంగుతో సరిపెట్టాడో ఆ అంచు చెప్తుంది. పలచటి పూత ఒకటుంది, కరువు ఏడాదిదని నా నమ్మకం. మొదటిసారి కట్టినప్పుడు వేసిన అసలు రంగు చూడాలంటే బానెట్ ఎత్తి లోపలి వైపు చూడాలి, తలుపు తెరిచి సందులో చూడాలి. అక్కడ ఎండ తగల్లేదు, ఎఫ్‌సీ పెయింటర్ బ్రష్షూ పోలేదు.

గీకి, మంట పెట్టి, కెమికల్ పోసి ఈ పొరలన్నీ ఒకేసారి తీసేసి కొత్తగా వేద్దామంటారు. ఎండిన ఎనామిల్‌ను పొడిగా గీకితే లేచే దుమ్ము మామూలు దుమ్ము కాదు. ఆ కాలపు పసుపు, ఎరుపు రంగుల్లో సీసం వాడేవాళ్లు. మన దేశంలో ఇళ్లకు వేసే రంగుల్లోనే సీసానికి 90 పీపీఎం హద్దు పెట్టింది 2016 నాటి నియమాలు. అంతకుముందటి రంగు సంగతి వేరే చెప్పాలా? ఇంటి ముందర, పసిపిల్లలు తిరిగే చోట గ్రైండర్ పెట్టి పాత రంగు గీకడం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

రంగు అరిగిన చోట్ల గురించి చెప్తాను. కుడివైపు తలుపు కిటికీ అంచు ఇనుము తేలి నున్నగా ఉంది. అది డ్రైవరు మోచెయ్యి ఆనించిన చోటు. హిందూపురం నుంచి చింతపండు, బెల్లం, అగళి, అమరాపురం నుంచి వక్కలు, మా చుట్టూ ఊళ్ల నుంచి శెనక్కాయలు, శిర మీదుగా తుమకూరుకు, అక్కడినుంచి బెంగళూరుకు, ఆ దారంతా ఆయన మోచెయ్యి అక్కడే ఉండేది. ఎడమవైపు తలుపు బయట అరచెయ్యంత మేర రంగు లేదు. అక్కడ క్లీనరు చరిచేవాడు. ఇరుకు సందులో బండి దూర్చేటప్పుడు, ఎదురుగా బస్సు వచ్చినప్పుడు, వెనక్కి తీసేటప్పుడు, "పోనీ పోనీ" అని అరుస్తూ అదే చోట అరచేత్తో కొట్టేవాడు. వెనక పలకల మీద బెల్లం కారి నల్లబడిన మరకలున్నాయి. బానెట్ మీద ఏటా ఆయుధపూజకు పసుపుతో పెట్టిన స్వస్తిక్ ఎండి, కడిగి, మళ్లీ పెట్టి, రంగులోకి ఇంకిపోయింది. కొత్తగా పెయింట్ చేస్తే ఇవన్నీ లోపాలు. నాకు ఇవే ఆస్తి. ఆ డ్రైవరు లేడు, ఆ క్లీనరు లేడు, నాయన లేడు. వాళ్లు చేసిన పనికి సాక్ష్యం ఆ బండి ఒంటి మీదే ఉంది. పొలం పాసుపుస్తకం మీద నాయన వేలిముద్రను ఎవరైనా బ్లేడుతో గీకేస్తామంటే ఊరుకుంటామా?

మా కాలంలో అంతా బాగుండేదని నేను అనను. వేసవిలో ఆ కేబిన్‌లో కూర్చుంటే కాళ్ల కింద ఇంజను మంట, నెత్తిన రేకు మంట. డ్రైవర్లు తడిగుడ్డ మెడకు చుట్టుకొని నడిపారు. 2025లో కొత్త లారీలకు ఏసీ కేబిన్ తప్పనిసరి చేశారు. ఈ పని యాభై ఏళ్ల ముందే చేసి ఉండాల్సింది. రాత్రిపూట వెనక నుంచి వచ్చేవాడికి కనిపించేలా రేడియం పట్టీలు అంటించడమూ మంచిదే. అప్పట్లో ఎర్రటి రిఫ్లెక్టర్ గాజు ఒకటి పగిలితే దాని గతి అంతే. నా బాధ వేరే. ఇప్పటి లారీ మీద మనిషి చేతి గుర్తు ఒక్కటీ లేదు. కంపెనీ గన్నుతో కొట్టిన రంగు, కంప్యూటర్ కోసిన స్టిక్కర్. దేవుడి పేరూ స్టిక్కరే, దిష్టిబొమ్మా స్టిక్కరే. రెండేళ్లకు అంచులు లేస్తాయి, పీకి ఇంకోటి అంటిస్తారు. అక్షరాలు రాసే ఇళ్లల్లో ఇప్పుడు బ్రష్షు పట్టేవాళ్లు లేరు. ఫ్లెక్సీలు వచ్చినప్పుడు సగం పోయారు, స్టిక్కర్లు వచ్చాక మిగతావాళ్లు వేరే పనులు వెతుక్కున్నారు. వాళ్ల చేతిపని మిగిలింది ఇట్లాంటి పాత బండ్ల మీదే. దాన్నీ మనమే కప్పేస్తే ఇంక చూపించడానికి ఏముంటుంది?

ఇంకో విచిత్రం. బెంగళూరులో పెద్ద హోటళ్లు కొత్త రేకును యాసిడ్‌తో తుప్పు పట్టించి, కొత్త చెక్కను గీకి పాతదిగా చూపించి గోడలకు బిగిస్తున్నాయి. దానికి బోలెడు డబ్బు పోస్తారు. మన ఇంట్లో ఊరికే వచ్చిన అసలు పాతదనాన్ని డబ్బిచ్చి మరీ తుడిపించుకుంటున్నాం.

మా సీమ ఎండ గురించి, వాన గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే పాత ఇనుముకు ఇంతకంటే మంచి చోటు దొరకదు. అనంతపురం వైపు ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన. పంటకు చేటు చేసిన ఆ కరువే బండిని కాపాడింది. సముద్రం ఒడ్డున ఉన్న లారీ ఇరవై ఏళ్లలో జల్లెడైపోతుంది. ఇక్కడ పైన సన్నటి గోధుమ తుప్పు పట్టి అక్కడే ఆగిపోతుంది. అయితే ఇనుమును వదిలిన ఎండ రంగును వదల్లేదు. ఎనామిల్‌లో రంగుపొడిని పట్టి ఉంచే జిగురును ఎండ తినేస్తుంది, పొడి పైకి తేలుతుంది. చేత్తో రుద్దితే సుద్దలాగా అంటేది అదే. మా బండికి పడమటి పక్క అంతా అట్లే ఉంది. షెడ్డు గోడ నీడ పడిన తూర్పు పక్క ఇంకా ముదురుగా ఉంది. ఎరుపులు ముందు వెలుస్తాయి. రెడ్ ఆక్సైడ్ మాత్రం ఎంత ఎండైనా తట్టుకుంటుంది. అది మా నేల రంగే కదా, ఇనుప మన్ను.

రంగు పోయిందా, ఉందా అని తెలుసుకోడానికి తడిగుడ్డ చాలు. సుద్దలాగా ఉన్న చోట తడిగుడ్డతో తుడవండి. తడి ఉన్నంతసేపు రంగు మళ్లీ ముదురుగా కనిపిస్తే, లోపల రంగు బతికే ఉందని అర్థం. మనవడికి ఇది చేసి చూపించాను. ఎర్రటి రంగు ఒక్కసారి తేలేసరికి వాడు నోరు తెరిచాడు.

ఇక దాన్ని కాపాడటం ఎట్లాగో చెప్తాను. వాటర్ సర్వీసుకు తీసుకుపోయి పైపుతో గట్టిగా కొట్టించకండి, లేచిన పెచ్చులన్నీ ఎగిరిపోతాయి. బకెట్టు నీళ్లు, చాలా తక్కువ సబ్బు, మెత్తటి నూలుగుడ్డ. పైనుంచి కిందికి, దుమ్ము జారిపోయేలా. ఇనుప బ్రష్షు, గిన్నెలు తోమే పీచు దగ్గరికి రానీయొద్దు. రబ్బింగ్ కాంపౌండ్ పెట్టి రుద్దితే మెరుస్తుంది నిజమే. గుడ్డ చూసుకోండి. ఇప్పటి కార్లకు పైన పారదర్శకమైన పూత ఉంటుంది, అందుకే గుడ్డకు రంగు అంటదు. పాత ఎనామిల్ రుద్దితే గుడ్డ ఎర్రబడుతుంది, ఆ ఎరుపు మీ బండిదే. రెండు మూడు సార్లు రుద్దితే కింది పొర తేలుతుంది.

మా రోజుల్లో క్లీనర్లు డీజిల్‌తో తుడిచేవాళ్లు. ఆ పూటకు మెరిసేది, సాయంత్రానికి దుమ్మంతా అతుక్కునేది, కొన్నేళ్లకు రంగూ పలచబడేది. కొందరు ఇప్పుడు శెనగనూనె రాస్తున్నారు. అది సరిగ్గా ఆరదు, జిడ్డుగా మిగిలి మా ఎర్రదుమ్మును పట్టుకుంటుంది. అవిసె నూనె వేరే జాతి, గాలికి గట్టిపడి సన్నపొరలాగా నిలుస్తుంది. పాత ఎనామిల్ రంగులే ఇట్లాంటి ఆరే నూనెలతో పుట్టినవి. కాచిన అవిసె నూనెను టర్పెంటైన్‌తో పలచన చేసి, గుడ్డతో ఉందా లేదా అన్నంత రాసి, మిగిలింది వెంటనే తుడిచేయాలి. ముందు ఎవరికీ కనపడని మూల రాసి చూసుకోవాలి. ఒక హెచ్చరిక గట్టిగా చెప్తున్నా: ఆ నూనె గుడ్డలను ఉండచుట్టి మూలకు పడేయకండి, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. విప్పి ఆరబెట్టండి, లేదా నీళ్లలో ముంచండి. వాసన, జిడ్డు వద్దనుకునేవాళ్లు మామూలు మైనం పాలిష్ పలచగా రాసినా సరిపోతుంది.

తుప్పులో రెండు రకాలు. నున్నగా, గట్టిగా అంటుకొని ఉన్న గోధుమరంగు తుప్పును ముట్టుకోవద్దు. పొరలు పొరలుగా రాలేదాన్ని వదిలిపెట్టొద్దు. రాలేది చాసిస్ సందుల్లో, ఫుట్‌బోర్డు కింద, బెల్లం మట్టి పేరుకున్న చోట ఉంటుంది. అక్కడ మాత్రం గీకి, తుప్పును నల్లగా మార్చి ఆపే మందు పూయండి. అందులో పనిచేసేది టానిక్ ఆమ్లం. పూర్వం కరక్కాయ, అన్నభేది కలిపి సిరా చేసుకున్నప్పుడు నల్లగా మారింది ఆ జాతి పదార్థమే.

బండిని టార్పాలిన్‌తో బిగించి కట్టకండి. వానాకాలం లోపల చెమ్మ పట్టి రంగు పొక్కులు లేస్తుంది. పైన రేకు, పక్కలు ఖాళీగా ఉండే షెడ్డు మేలు. చింతచెట్టు కింద నిలపొద్దు, పండుటాకులూ పక్షుల రెట్టలూ రంగును తినేస్తాయి. చెక్క బాడీకి అసలు శత్రువు చెదలు. ఎర్రమట్టి మీద చక్రాలు ఆనితే నేలలోంచి పైకి పాకుతాయి. మా కొండల రాతికి కొదవ లేదు, నాలుగు బండలు పరిచి వాటి మీద నిలపండి. నెలకోసారి కిందికి వంగి చూడండి.

ఇదంతా చేస్తే బండి కొత్తగా కనిపించదు. కనిపించకూడదు కూడా. మాకు ఒక గంటలో చేరేంత దూరంలో లేపాక్షి ఉంది. వీరభద్రస్వామి గుడి పైకప్పుకు విజయనగర కాలం చిత్రాలున్నాయి. చాలాచోట్ల వెలిసిపోయాయి, కొన్నిచోట్ల పెచ్చులూడాయి. ఎవరైనా వాటి మీద కొత్త రంగులు వేద్దామంటే ఊరు ఊరంతా అడ్డుపడుతుంది. ఆ చిత్రాల్లో వెలిసిన చీర అంచు చూడటానికే మనుషులు ఎక్కడెక్కడినుంచో వచ్చి మెడ నొప్పెట్టేదాకా పైకి చూస్తారు. గుడి చిత్రానికి ఇచ్చే మర్యాద లారీకి ఇవ్వమంటే నవ్వేవాళ్లున్నారు. రెండూ చేతిపనే. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా ఒప్పుకున్న టురిన్ చార్టర్ కూడా ఇదే చెప్తోంది: ఉన్నదాన్ని ఉన్నట్టు కాపాడటం ముందు, పాడవకుండా ఆపడం తర్వాత, కొత్తగా చేయడం అన్నిటికంటే చివర.

మన సర్కారుతో నాకొక తగవుంది. 2021లో పాత వాహనాలకు వింటేజ్ రిజిస్ట్రేషన్ నియమాలు తెచ్చారు. యాభై ఏళ్లు దాటి, అసలు రూపంలో, చాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చకుండా ఉండాలి. 20,000 రూపాయలు కడితే 'వీఏ' అక్షరాలతో వేరే నంబరు ఇస్తారు. ఆలోచన మంచిది. కానీ అది రెండు చక్రాల బండ్లకు, మనుషులెక్కే సొంత కార్లకే. సరుకు మోసిన లారీకి అందులో చోటు లేదు. దొరలు తిరిగిన కారు వారసత్వం అయ్యింది, ఈ దేశం తిండిగింజలు మోసిన లారీ ఇనుము సామాన్లకింద మిగిలింది. 2022 ఏప్రిల్‌లో పదిహేనేళ్లు దాటిన పెద్ద లారీకి ఎఫ్‌సీ రుసుమే 12,500 చేశారు. పొగ కక్కుతూ రోడ్డు మీద తిరిగే బండ్లకు అది సబబే. షెడ్డులో నిలబడి, ఏడాదికోసారి దసరాకు ఊరేగే బండికి ఏదీ దారి? పాత లారీలను కూడా ఆ నియమాల్లో చేర్చాలి. ఇది నేను కోరే మొదటి కోరిక.

రెండోది మీకు. మడకశిర, హిందూపురం, పావగడ, శిర చుట్టూ ఇంకా కొన్ని షెడ్లలో ఇట్లాంటి బండ్లున్నాయి. ఎవరి ఇంట్లోనైనా ఉంటే ఈ దసరాకు దానికి రంగు వేయించకండి. బకెట్టు నీళ్లతో కడిగి, పసుపు కుంకుమ పెట్టి, పూలదండ వేయండి, అంతే చాలు. రంగు ఎప్పుడైనా వేయొచ్చు, ఒకసారి గీకింది మళ్లీ రాదు. నాలుగు పక్కలా, తలుపుల సందుల్లో, బానెట్ లోపల, అక్షరాల దగ్గర ఫోటోలు తీసిపెట్టుకోండి. ఆ బండి నడిపినవాళ్లో, దానికి అక్షరాలు రాసినవాళ్లో ఇంకా ఉంటే వాళ్లను పిలిచి బండి చుట్టూ తిప్పండి, వాళ్లు చెప్పింది రాసుకోండి. ఆ మనుషులంతా ఎనభై దాటినవాళ్లు, ఆలస్యం చేయొద్దు.